వీస్ఫియర్ డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్

వీస్ఫియర్ డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్ అనేది వీఎంవేర్ సంస్థ రూపొందించిన సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ స్విచ్. వర్చువలైజేషన్ క్లస్టరులోని అనేక హోస్టుల నెట్‌వర్క్ అమరికలను ఒకే చోటి నుండి నిర్వహించుటకు దీనిని ఉపయోగిస్తారు. 2009లో వీస్ఫియర్ 4తో ఇది మొదటిసారిగా వెలువడింది. 2023లో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ సంస్థ కొనుగోలు చేసింది.

నేపథ్యం

వర్చువల్ మెషీన్లను నడిపే భౌతిక సర్వరును హోస్టు అంటారు. స్టాండర్డ్ స్విచ్ వాడినప్పుడు ఏ హోస్టు అమరికలు ఆ హోస్టులోనే ఉంటాయి. ఇరవై హోస్టులుంటే ఒకే మార్పును ఇరవై సార్లు చేయవలసి వస్తుంది. ఒక హోస్టులో వీలాన్ సంఖ్య తప్పుగా ఉన్నచో, అక్కడికి తరలివచ్చిన వర్చువల్ మెషీనుకు నెట్‌వర్క్ అందదు.

పనిచేసే విధానం

ఈ స్విచ్‌లో రెండు భాగాలు కలవు. అమరికలను నిర్ణయించే భాగం వీసెంటర్ సర్వరులో ఉంటుంది. డేటా ప్యాకెట్లను చేరవేసే భాగం ప్రతి హోస్టులోను ఉంటుంది. వీసెంటర్‌లో చేసిన మార్పు అన్ని హోస్టులకు పంపబడుతుంది. ప్రతి హోస్టు ఆ అమరికల నకలును తనవద్ద భద్రపరచుకుంటుంది. అందువలన వీసెంటర్ ఆగిపోయినా, నడుస్తున్న వర్చువల్ మెషీన్ల నెట్‌వర్క్ ఆగదు. స్విచ్ అమరికలను మార్చుటకు మాత్రం వీలుపడదు.

ప్రమాదం, రక్షణ

వీసెంటర్ ఆదేశాలు హోస్టుకు చేరేది మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ద్వారానే. ఆ నెట్‌వర్క్ కూడా ఇదే స్విచ్‌పై ఉన్నప్పుడు దాని వీలాన్ సంఖ్యను తప్పుగా మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. తప్పును సరిదిద్దే ఆదేశం వెళ్ళవలసిన దారి కూడా మూసుకుపోతుంది. పైగా మార్పు కేంద్రం నుండి వెళ్ళుతుంది కనుక ఆ పోర్ట్ గ్రూపును వాడే హోస్టులన్నీ ఒకేసారి దూరమవుతాయి.

దీనికి పరిష్కారంగా 2012లో వెలువడిన వీస్ఫియర్ 5.1లో రోల్‌బ్యాక్ సదుపాయాన్ని చేర్చారు. మార్పు వలన హోస్టుకు వీసెంటర్‌తో సంబంధం తెగితే, పాత అమరికలు వాటంతటవే పునరుద్ధరింపబడతాయి. అది సాధ్యం కానప్పుడు హోస్టు కన్సోల్ నుండి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌ను సరిచేయవచ్చును.

వీసెంటర్ తానే ఒక వర్చువల్ మెషీన్‌గా ఇదే స్విచ్‌పై నడుస్తుంటే మరొక చిక్కు కలదు. స్టాటిక్ పద్ధతిలో పోర్టులను కేటాయించేది వీసెంటరే. కనుక అది ఆగినప్పుడు దానికే కొత్తగా పోర్టు దొరకదు. ఇందుకోసం, హోస్టే స్వయంగా పోర్టు ఇవ్వగలిగే ఎఫెమెరల్ పోర్ట్ గ్రూపును ముందుగా సిద్ధపరచుకుంటారు.

పరిమితులు

ఈ స్విచ్ అధికారం హోస్టుల వరకే. హోస్టులకు కేబుళ్ళతో కలిపిన భౌతిక స్విచ్‌లలో అవే వీలాన్లను, తగిన ఎంటీయూ పరిమాణాన్ని వేరుగా అమర్చవలసి ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడాలను కనిపెట్టుటకు హెల్త్ చెక్ అనే సదుపాయం కూడా 5.1లోనే వచ్చింది.