చేవగల కట్టెలు – నిల్వ, వాడుక, జాగ్రత్తలు

గ్యాసు పొయ్యి లేని ఇల్లు ఈనాడు అరుదు. అయినను కట్టెలు మన ఇండ్లనుండి పూర్తిగా తొలగిపోలేదు. పెరటిలో వేన్నీళ్ల కాగు క్రింద, పెండ్లి వంటల గాడిపొయ్యిలో, తైలములు కాచు పొయ్యిలో, బాలింత గదిలోని కుంపటిలో అవి నేటికిని మండుచునే ఉన్నవి. ఏ కట్టెను ఎన్నుకొనవలెను, ఎట్లు దాచవలెను అను సంగతి పూర్వము ఇంటి పెద్దలకు ఒకరు చెప్పకయే తెలిసియుండెడిది. ఇప్పుడు తెలియకపోవుటచేత కన్నులమంట మొదలు ప్రాణాపాయము వరకు కలుగుచున్నది. కావున ఇది వైద్యుడు చెప్పదగిన విషయమే.

నేను గురుకులములో ఉన్న దినములలో తైలపాకము మొదలుపెట్టునపుడు మా గురువుగారు ఓషధులకంటె ముందు కట్టెలను పరీక్షించెడివారు. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి తట్టినపుడు ఖంగుమని మ్రోగవలెను. మూగగా పలికినచో అందు ఇంకను నీరున్నదని అర్థము. దానిని ప్రక్కకు త్రోసివేసెడివారు. కొసలయందు పగుళ్లు కనబడుట, గోటితో లాగగానే బెరడు ఊడుట కూడ ఎండిన గుర్తులే.

అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. గాలికి బాగుగా ఆరిన కట్టెలో అది 15–20 శాతమునకు దిగును. పచ్చికట్టెను పొయ్యిలో పెట్టినచో దాని వేడిలో కొంత భాగము ఆ నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగును. మంట చల్లబడును, కట్టెనుండి వెలువడిన వాయువులు పూర్తిగా కాలక పొగగా బయటపడును. సుశ్రుతుడు సూత్రస్థానమున అగ్నికర్మను గూర్చి చెప్పుచు, పొగచే దెబ్బతిన్నవానిని ధూమోపహతుడని పేర్కొని, శ్వాస కష్టమగుట, తుమ్ములు, దగ్గు, కన్నులు ఎఱ్ఱబడి మండుట, వాసన తెలియకపోవుట అను లక్షణములను వివరించెను. ఏండ్ల తరబడి పొగపొయ్యి ముందు కూర్చున్న స్త్రీలకు, బీడీ ముట్టని వారికి సైతము, మానని దగ్గు, ఆయాసము వచ్చుటకు కారణమిదే.

ఇంకొక లెక్క కూడ గృహిణులు గమనింపవలెను. బాగుగా ఎండిన కట్టె ఏ జాతిదైనను కిలోకు ఇచ్చు వేడి దాదాపు ఒకటే. కావున తూకముపై పచ్చికట్టె కొన్నవారు నీటికి డబ్బు చెల్లించినట్లే.

అట్లయినచో చేవగల కట్టెకు గల విశేషమేమి? మాను నడుమనుండు గట్టి, ముదురురంగు భాగమునే చేవ అందురు. చేవగల కట్టెలో పదార్థము దట్టముగా ఉండుటచే అది నెమ్మదిగా, నిలకడగా కాలి, చాలసేపు నిలుచు నిప్పులనిచ్చును. మునగ, బూరుగ వంటి తేలిక కట్టెలు భగ్గున మండి చప్పున చల్లారును. రాజవేయుటకు తప్ప పనికిరావు. కషాయమునకు కావలసినది మందాగ్ని. 50 గ్రాముల ద్రవ్యమునకు 800 మిల్లీలీటర్ల నీరు పోసి, మూతపెట్టక, 100 మిల్లీలీటర్లు మిగులువరకు కాచవలెనన్నచో హెచ్చుతగ్గులు లేని సెగ ఉండవలెను. ఇందుకు నల్లతుమ్మ, చింత, చిరుమాను శ్రేష్ఠములు. సర్కారుతుమ్మ మన దేశపు చెట్టు కాకపోయినను చక్కగా మండును. ఎంత నరికినను మన అడవులకు నష్టము లేదు. ముండ్లు మాత్రము జాగ్రత్త. గ్రుచ్చుకొన్నచోట వాచి, చీము పట్టును.

నిల్వ చేయు విధము

కట్టెలను కొన్న వెంటనే చీల్పింపవలెను. చేవకట్టె పచ్చిగా ఉన్నపుడే సులువుగా చీలును. ఎండిన పిదప గొడ్డలి కూడ ఎగిరిపడును. బెరడు నీటిని లోపల బంధించును గనుక చీల్చని దుంగ ఏడాదికి కూడ పూర్తిగా ఆరదు. సంక్రాంతి ప్రాంతమున కొట్టించి, చీల్చి, ఎండకాలమంతయు ఆరనిచ్చినచో తొలకరి నాటికి సిద్ధమగును. అమావాస్యనాడు నరికిన కర్ర పుచ్చదని కొందరందురు. తిథికంటె ఋతువే ముఖ్యమని నా అభిప్రాయము.

నేలపై నేరుగా పేర్చరాదు. ఇటుకలపైనో రాళ్లపైనో జానెడెత్తున వాసములు పరచి, వాటిపై ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డముగా పేర్చవలెను. ఇంటిగోడకు ఆనింపరాదు; చెదలు కట్టెలనుండి గోడకు, గోడనుండి ద్వారబంధములకు ప్రాకును. నడుమ మూరెడు సందు ఉండవలెను. వానకాలమున పైభాగమును మాత్రమే రేకుతో కప్పి, ప్రక్కలను గాలికి విడువవలెను. ప్లాస్టిక్ పట్టాతో నాలుగు ప్రక్కలను చుట్టివేయుట నేడు ఎక్కువైనది. లోపలి తేమ బయటకు పోక కట్టెలకు బూజు పట్టును. ఆ బూజు దుమ్ము ఉబ్బసరోగికి పొగకంటె తక్కువ చేటు చేయదు. అందుచేతనే కట్టెలను పడకగదిలోను, మెట్ల క్రింది చీకటి గదిలోను ఉంచరాదు.

కట్టెల మోపు తేళ్లకు, జెఱ్ఱులకు, పాములకు ఇష్టమైన చోటు. చీకటిలో చేయిపెట్టి లాగరాదు. ముందు కర్రతో తట్టి, దీపము చూపి, పైవరుసనుండి తీయవలెను. పిల్లలను పంపరాదు.

కాల్చరాని కట్టెలు కొన్ని కలవు. గన్నేరు పుల్ల విషము. దాని పొగయు మంచిది కాదు, దానితో కలుపుటయు తగదు. నల్లజీడి పొగ సోకినచో ముఖము వాచి, ఒళ్లంతయు దద్దురులు లేచును. గోదావరి ముఖద్వారపు మడ అడవులలోని తిల్ల చెట్టు పాలు కంటబడిన చూపునకే ముప్పు. దాని పొగ కన్నులను తీవ్రముగా మండించును. రంగువేసిన తలుపుచెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కాగు క్రింద వేయుట పట్టణములలో చూచుచున్నాను. ఆ పొగ రసాయనముల పొగ.

మరికొన్ని మందుగా విలువైనవి. వాటిని పొయ్యిపాలు చేయుట అన్యాయము. సండ్ర చేవనుండియే కాచు తీయుదురు. చరకుడు కుష్ఠహరములలో ఖదిరమే శ్రేష్ఠమనెను. ఆ కర్రతో చేసిన రోకలి తరములు నిలుచును. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయము త్రాగుట మధుమేహులలో వాడుక. భారత వైద్య పరిశోధన మండలి పరిశీలన ఫలితములు 1998లో వెలువడినవి. కొత్తగా గుర్తించిన, తీవ్రము కాని మధుమేహము గల 97 మందికి వేగిస ఔషధమునీయగా, 12 వారములలో 67 మందికి చక్కెర అదుపునకు వచ్చెను. అయితే అది కొలత ప్రకారము ఇచ్చిన మందు. గ్లాసులోని నీటికి ఆ కొలత లేదు. గ్లాసును నమ్మి మాత్రలు, ఇన్సులిన్ మానివేసినవారు నాయొద్దకు కాలి పుండ్లతో వచ్చిరి. మానరాదు.

పొగలేని నిప్పులు

కొన్ని ఏండ్ల క్రిందట ఒక మార్గశిరమాసపు వేకువజామున పిలుపు వచ్చెను. బాలింతకు వాంతి, భరింపరాని తలనొప్పి. పదునైదు దినముల శిశువు పాలకు లేవక మత్తుగా ఉన్నది. అజీర్ణమనుకొని శొంఠి ఇచ్చిరి. గదిలో అడుగుపెట్టగనే నా తలయు బరువెక్కెను. మంచము క్రింద కుంపటి, అందు నల్లతుమ్మ నిప్పులు. కిటికీ సందులలో కూడ గుడ్డలు కుక్కిరి. “పొగ రాకూడదని చేవకట్టె నిప్పులే ఏరి వేసితినండీ” అని అమ్మమ్మగారు వాపోయిరి. ఆమె శ్రద్ధలో లోపము లేదు. కాని పొగలేని నిప్పులనుండియు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమునకు ప్రాణవాయువుకంటె సుమారు 200 రెట్లు బలముగా అంటుకొని, ప్రాణవాయువునకు చోటులేకుండ చేయును. చేవకట్టె నిప్పులు రాత్రియంతయు నిలుచుట ఇక్కడ గుణము కాదు, దోషము. తల్లీబిడ్డలను వెంటనే ఆరుబయటకు తెచ్చి, ఆసుపత్రికి పంపగా ప్రాణవాయువు పెట్టిరి, ఇద్దరును బ్రతికిరి. దీనికి కషాయము లేదు.

మూసిన గదిలో కుంపటి ఉంచి నిద్రింపరాదు. కుంపటి ఉన్న గదిలో ఒకరికంటె ఎక్కువమందికి తలనొప్పి, తల తిరుగుట, వాంతి కలిగినచో తలుపులు తెరచి, అందరిని బయటకు చేర్చి, 108కు ఫోన్ చేయవలెను. బాలింత గదికి వెచ్చదనము కావలసినచో కంబళి, తలకు గుడ్డ చాలును. వేడినీటి రబ్బరు సంచిని మందపు గుడ్డలో చుట్టి తల్లి పాదములవద్ద పెట్టవచ్చును, శిశువు ప్రక్కన వలదు. కురులు ఆరుటకు సాంబ్రాణి వేయుట ఆచారమైనచో, బిడ్డను వేరుగదిలో ఉంచి, తలుపులు తెరచి, నాలుగు నిప్పులతో ముగించి, ఆ నిప్పులను వెంటనే పెరటిలోనికి తీసికొనిపోయి నీరు చల్లవలెను.