స్థిరంగా ఉంచిందేమిటి?
(మనస్తత్వ పరిశోధన - మన నవల)

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ, తార్నాక పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండు చోట్ల నుంచీ ఒక్క ఏడాది తేడాతో మనిషి మనస్సును గురించిన రెండు రచనలు వెలువడ్డాయి. 1968లో తార్నాకలోని పోషకాహార పరిశోధనాలయం శాస్త్రజ్ఞులు క్వాషియోర్కర్ అనే జబ్బుకూ పిల్లల మానసిక వికాసానికీ ఉన్న సంబంధం మీద ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. 1969లో నవీన్ 'అంపశయ్య' వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి మనస్సులో ఒక్క రోజు నడిచినదంతా ఆ నవల. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్ళలో ఈ రెండోదాని పేరు విననివాళ్ళు ఉండరు. మొదటిదాని పేరు మాకెవరూ చెప్పలేదు. బడిపంతులునయ్యాక, ఒక పిల్లవాడి విషయంలో తప్పు చేశాక నేను దాన్ని వెతుక్కుని చదివాను.

మనస్తత్వాన్ని శాస్త్రజ్ఞులు ఎట్లా పరిశోధిస్తారు? ఆ పద్ధతి వేటిని చూడగలదు, వేటిని వదిలేస్తుంది? మన నవలా విమర్శకు దానితో ఏం పని? ఈ మూడు ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలు ఇక్కడ చెబుతాను.

ముందు నా తప్పు సంగతి. ఆరో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మాట చురుకే. కథ చెబితే తిరిగి చెప్పేవాడు. కాని బోర్డు మీద బొమ్మ చూసి పుస్తకంలో వేయమంటే గీతలన్నీ ఒకదాని మీదొకటి పడేవి. సంవత్సరం చివర అతని ప్రోగ్రెసు రిపోర్టులో 'మందబుద్ధి' అని రాశాను. నాలుగు రోజుల తర్వాత తల్లి వచ్చింది. కోపంతో రాలేదు, రాసిందేమిటో చదివించుకోవడానికి వచ్చింది. చదివాను. ఆమె కాసేపు ఊరుకుని, "రెండేండ్లప్పుడు వానికి ఒళ్ళంత ఉబ్బింది సారూ. దవాఖానల నెలదాక ఉంచినం. బతుకడన్నరు, బతికిండు" అన్నది. ఆ జబ్బుకూ ఈ బొమ్మకూ సంబంధం ఉందని నేను తేల్చలేను. నేను రాసిన మాటకు ఆధారమంటూ ఏదీ లేదని మాత్రం అప్పుడు తెలిసింది.

ఒళ్ళు ఉబ్బడం, జుట్టు రంగు మారి పలచబడటం, చర్మం పొరలుగా లేవడం, పిల్లవాడు దేనిమీదా ఆసక్తి లేకుండా మూలుగుతూ ఉండటం - ఇవి క్వాషియోర్కర్ లక్షణాలు. ఆ మాట ఆఫ్రికాలోని ఘనా దేశపు 'గా' భాషది. 1930లలో అక్కడ పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆ మాటను వైద్యశాస్త్రంలోకి తెచ్చింది. కడుపులో మరో బిడ్డ పడినప్పుడు, లేదా పుట్టినప్పుడు, పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. పాలు తప్పిన బిడ్డకు గంజినీళ్ళే ఆధారమైతే వచ్చే జబ్బు ఇది. జబ్బు పేరులోనే ఒక ఇంటి కథ ఉంది. దానికి పేరుపెట్టిన తల్లులు లక్షణాన్ని వదిలి కారణాన్నే చెప్పారు.

తార్నాక సంస్థ చరిత్ర కొంత తెలుసుకోవాలి. 1918లో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన పెరిగి పెద్దదై, 1950ల చివర హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దాని పేరు జాతీయ పోషకాహార సంస్థగా మారింది. నేను చెబుతున్న పత్రం ఎస్. చంపకం, ఎస్.జి. శ్రీకంఠయ్య, సి. గోపాలన్ రాసినది. అమెరికాలో వెలువడే వైద్య పోషకాహార పత్రికలో అచ్చయింది.

వాళ్ళు చేసిన పని ఇది. ఒకటిన్నర ఏడాదికీ మూడేళ్ళకూ మధ్య వయస్సులో క్వాషియోర్కర్ వచ్చి, చికిత్స పొంది బతికిన 19 మంది పిల్లలను తీసుకున్నారు. అప్పటికి వాళ్ళ వయస్సు 8 నుంచి 11 ఏళ్ళు. ఆ జబ్బు రాని పిల్లలను వాళ్ళకు సరిజోడుగా ఎంపిక చేశారు. వయస్సు, ఆడా మగా, మతం, కులం, ఆర్థికస్థితి, కుటుంబంలో ఎంతమంది, ఎన్నో సంతానం, తల్లిదండ్రుల చదువు - వీటన్నిటిలో సరిపోలేవాళ్ళే జోడు. తర్వాత రెండు గుంపులకూ ఒకే పరీక్షలు పెట్టారు. జబ్బుపడి లేచిన పిల్లలు వెనకబడ్డారు. చూసి గ్రహించే శక్తిలోనూ, అమూర్తంగా ఆలోచించే శక్తిలోనూ ఆ వెనకబాటు ఎక్కువగా కనబడింది. పెద్దపిల్లల్లో కంటే చిన్నపిల్లల్లో తేడా ఎక్కువ.

జోడు ఎందుకు కుదర్చాలి? సేద్యం తెలిసినవాళ్ళకు దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. కొత్త ఎరువు గుణం తెలియాలంటే రెండు మళ్ళలో ఒకే విత్తనం వేసి, ఒకే నీరు పెట్టి, ఒక మడికి మాత్రం ఆ ఎరువు వేస్తాం. తక్కినదంతా స్థిరంగా ఉంచి ఒక్కదాన్ని మాత్రం కదిలిస్తాం. అప్పుడు కనబడిన తేడా ఆ ఒక్కదానిది. మనస్తత్వ పరిశోధన పద్ధతికి ప్రాణం ఇదే. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచీ, 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మన దేశంలో ఈ శాస్త్రానికి మొదటి విభాగం ఏర్పడిన నాటి నుంచీ, ప్రశ్నలు ఎన్ని మారినా మొత్తం మీద ఈ సూత్రమే నడుస్తున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తార్నాక పరిశోధనలో కదిలింది జబ్బు. స్థిరంగా ఉంచింది కులాన్నీ, పేదరికాన్నీ, తల్లిదండ్రుల చదువునూ. అంటే పోలికకు తెచ్చిన పిల్లలు కూడా అదే పేదరికంలో ఉన్నవాళ్ళు. వాళ్ళు క్వాషియోర్కర్ రానివాళ్ళే గాని కడుపునిండా తిన్నవాళ్ళని అర్థం కాదు. రెండు గుంపులకూ సమంగా జరిగిన నష్టం ఈ లెక్కలో కనబడదు. అది పరిశోధకుల లోపం కాదు. జబ్బు వల్ల జరిగిందేమిటో తెలుసుకోవడానికి వేరే దారి వాళ్ళకు లేదు. పేదరికాన్ని ఈ మేరకు లెక్కలోంచి తీసేసిన తర్వాత కూడా తేడా మిగిలిందంటే ఆ ఫలితం ఇంకా బలమైనది. కాని చదివేవాడు ఒకటి గుర్తుంచుకోవాలి. పరిశోధకుడు స్థిరంగా ఉంచిన దానికి ప్రభావం లేదని ఆ పరిశోధన చెప్పలేదు. దాన్ని గురించి ఆ పరిశోధన మౌనంగా ఉంది, అంతే.

ఒక పరిశోధనలో స్థిరంగా ఉన్నదాన్ని మరొకరు కదిలించి చూడవచ్చు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆ పని చేశారు. అగ్రవర్ణాల పిల్లలు 321 మందికీ, అణగారిన కులాల పిల్లలు 321 మందికీ కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. సరిగా చేసినదానికి డబ్బు ఇచ్చారు. కులం మాట ఎత్తనప్పుడు రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పేరుతోపాటు కులాన్ని అందరి ముందూ పైకి చదివినప్పుడు పెద్ద తేడా వచ్చింది. అవే పజిళ్ళు, అవే చేతులు. కదిలింది ఒక్కటే: కులాన్ని పైకి చదవడం. ఆ ఫలితాలు 2004, 2006 సంవత్సరాల్లో వెలువడ్డాయి. హాజరుపట్టీ తీసి, స్కాలర్‌షిప్పు జాబితా కోసం కులాలవారీగా పిల్లలను లేపి నిలబెట్టిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. అది చదివిన తర్వాత ఆ పని మానేశాను.

పేదరికాన్నే కదిలించి చూసినవాళ్ళూ ఉన్నారు. తమిళనాడులో 54 గ్రామాలకు చెందిన 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత తర్వాత డబ్బు చేతికి వచ్చాక ఒకసారి ఒకే రకం బుద్ధిపరీక్షలు పెట్టారు. 2013లో ఆ పత్రం వచ్చింది. ఇక్కడ సరిజోడు వెతకనక్కరలేదు. రైతుకు అదే రైతు జోడు. అప్పుల మధ్య ఉన్న రైతు కంటే డబ్బు అందిన రైతు మెరుగ్గా చేశాడు. ఆ పత్రం మీద వాదోపవాదాలు జరిగాయి. జరగాలి కూడా. 2015లో మనస్తత్వశాస్త్రపు 100 పరిశోధనలను మళ్ళీ చేసి చూస్తే, మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ వాటిలోనే గణాంకాల ప్రకారం చెల్లే ఫలితం మళ్ళీ వచ్చింది. కాబట్టి ఏ ఒక్క పత్రాన్నీ వేదవాక్యంగా తీసుకోకూడదు. అయినా ఆ రైతు ప్రయోగం వేసిన ప్రశ్న నిలుస్తుంది: తెలివి అనేది మనిషికి పుట్టుకతో వచ్చిన గట్టి ఆస్తి అయితే, నాలుగు నెలల్లో అది ఎట్లా మారుతుంది?

ఈ శాస్త్రం మొత్తంగా కూడా ఒకదాన్ని చాలాకాలం స్థిరంగా ఉంచింది. పేరున్న మనస్తత్వ పత్రికల్లో పరిశీలించిన మనుషుల్లో నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళని ఒక లెక్క తేల్చింది. ఆ దేశాల జనాభా ప్రపంచ జనాభాలో నూటికి 12 మాత్రమే. అమెరికా కళాశాల విద్యార్థి మనస్సును 'మానవుని మనస్సు' అని పిలవడం సరికాదని జోసెఫ్ హెన్రిక్ మొదలైనవాళ్ళు 2010లో గట్టిగా వాదించారు. మానవ స్వభావం విశ్వజనీనమని అనువాద గ్రంథాల ఆధారంతో తీర్పులు చెప్పే మన విమర్శకులు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక మన నవల. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', రావిశాస్త్రి 'అల్పజీవి', నవీన్ 'అంపశయ్య' - వీటిని 'మనస్తత్వ నవలలు' అని ఒక గంపలో వేశాం. అట్లా వేశాక రెండు రకాల పొరపాట్లు చేశాం. మనలో కొందరు ఇవి వ్యక్తివాద రచనలని, వర్గ వాస్తవికతకు దూరమని పక్కన పెట్టారు. మరికొందరు మనస్సుకు వర్గంతో పనిలేదని వీటిని నెత్తికెత్తుకున్నారు. చూడటానికి ఇవి ఎదురుబొదురు వాదనలు. లోపల రెండింటికీ నమ్మకం ఒక్కటే: మనస్సు వేరు, సమాజం వేరు. ఆ నమ్మకానికి తార్నాక పత్రం అడ్డు నిలుస్తుంది. రెండేళ్ళ వయస్సులో పళ్లెంలో లేనిది ఎనిమిదేళ్ళ వయస్సులో గీసే గీతలో కనబడుతుంటే, మనస్సు ఎక్కడ మొదలై సమాజం ఎక్కడ ముగుస్తుందో గీత గీసి చూపడం ఎవరివల్ల అవుతుంది?

నిజానికి ఆ నవలాకారులు మనకంటే ముందే ఈ సంగతి గ్రహించారు. సీతారామారావు అసమర్థత గాలిలోంచి ఊడిపడలేదు. వంశప్రతిష్ఠ అనే బరువు మోయబోయి, ఆస్తి కరిగిపోయిన కొద్దీ అతని మనస్సు చిట్లిపోయింది. సుబ్బయ్య పిరికితనం అతనొక్కడి సొత్తు కాదు. అతని పైనున్నవాళ్ళకు ఆ పిరికితనంతో అవసరం ఉంది. 'అంపశయ్య' అనగానే చైతన్యస్రవంతి, జేమ్స్ జాయిస్ అని రెండు మాటలు చెప్పి ముగించడం మనకు అలవాటు. మనం ఇప్పుడు నేర్చుకున్న ప్రశ్న వేసి చూడండి. నవీన్ దేన్ని స్థిరంగా ఉంచాడు? ఒక రోజును, ఒక హాస్టలును. దేన్ని కదిలించాడు? తక్కినదాన్నంతా. పల్లెలోని ఇల్లు, చేతిలో లేని డబ్బు, పరీక్ష భయం, తోటివాళ్ళ ముందు చిన్నతనం - అన్నీ ఆ ఒక్క తలలోంచి నడిచిపోతాయి. పరిశోధకుడు జోడు కుదర్చడం కోసం లెక్కలోంచి తీసేసినవాటిని నవలాకారుడు తిరిగి లెక్కలోకి తెచ్చాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న అనవసరం. ఒకరు వదిలినచోట రెండోవారి పని మొదలవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పేదపిల్లల బుద్ధిని కొలిచి 'తక్కువ' అని చెప్పే పరిశోధన, చివరికి వాళ్ళ నుదుట ఇంకో ముద్ర వేయడానికే ఉపయోగపడదా? ఆ ప్రమాదం ఉంది. నా రిపోర్టులో మాట అటువంటి ముద్రే. కాని దానికి జవాబు కూడా పరిశోధనలోనే ఉంది. జమైకాలో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలతో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ చేసిన ప్రయోగం 1991లో వెలువడింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్ళపాటు ఇళ్ళకు వెళ్ళి, పిల్లలతో ఎట్లా ఆడాలో, మాట్లాడాలో తల్లులకు చూపించారు. కొందరికి అదనపు ఆహారం ఇచ్చారు. ఆహారమూ మేలు చేసింది, ఆటా మేలు చేసింది. రెండూ అందినవాళ్ళకు మరింత మేలు జరిగింది. ఆట అందిన పిల్లలు ఇరవై ఏళ్ళ తర్వాత, అది అందని తమవంటి పిల్లలకంటే నూటికి 25 వంతులు ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో తేలింది. అంటే వెనకబాటు తలరాత కాదు. కారణం ఉన్నది గనుక చికిత్సా ఉంది.

ఇవి పాతకాలపు ముచ్చట్లని కూడా అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 33.1 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 31.2 మంది. వీళ్ళందరికీ క్వాషియోర్కర్ ఉందని కాదు. వీళ్ళు రేపు మన తరగతుల్లో కూర్చుంటారు, మన కథల్లో పాత్రలవుతారు.

యువ రచయితలకు నా మనవి ఒక్కటే. 'స్వభావరీత్యా పిరికివాడు', 'పుట్టుకతోనే మొద్దు' అని ఒక పాత్రను గురించి రాయబోయే ముందు, ఈ వాక్యంలో నేను దేన్ని స్థిరంగా ఉంచాను అని అడగండి. దాన్ని ఒక్కసారి కదిలించి చూడండి. పాత్ర కూడా కదిలితే, అక్కడ మీకు కథ దొరికినట్టే. విమర్శకులు కూడా ఆ ప్రశ్నే వేయాలి.

ఆ పిల్లవాడి రిపోర్టులో నేను రాసిన మాట కొట్టేశాను. దాని పక్కన, నేను కళ్ళారా చూసినదే రాశాను: 'కథలు బాగా చెబుతాడు. బొమ్మ చూసి వేయడానికి ఇంకా ఎక్కువసేపు కావాలి.' మరుసటి ఏడాది ఆ ఎక్కువసేపు ఇవ్వడం నా పని అయింది.