అమ్మ పేరులో గుడి ఎటు పోయింది?

“ఏరా, నీ యాప్‌లో నా పేరుకి గుడి పడట్లేదు!”

ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్. మందులు వేసుకునే టైమ్ గుర్తుచేసే యాప్ ఒకటి చేస్తున్నాం. నా మొదటి టెస్టర్ అమ్మే. స్క్రీన్‌షాట్ చూస్తే ‘శ్రీలక్ష్మి’ కాస్తా ‘శ్రీలక్ష్మ’ అయి కూర్చుంది.

పేరు రాసే బాక్సుకి 10 క్యారెక్టర్ల లిమిట్ పెట్టింది నేనే. మూడక్షరాల పేరు అందులో పట్టకపోవడమేంటి?

ఆండ్రాయిడ్‌లో అక్షరాలు చూపించేది టెక్స్ట్‌వ్యూ. షాపు బోర్డు లాంటిది, చదువుకోవడమే. మనం టైప్ చేసే బాక్సు ఎడిట్‌టెక్స్ట్. అది టెక్స్ట్‌వ్యూకి పుట్టిన పిల్లే. కాకపోతే అందులోని రాత పలక మీద రాతలా ఎప్పటికప్పుడు మారుతుంటుంది. మీరు కీ నొక్కగానే ఆ మార్పు ముందు ఫిల్టర్ల దగ్గరికి వెళ్తుంది. లిమిట్ దాటిన ముక్కను ఫిల్టర్ కత్తిరించేస్తుంది. ఎర్రర్ కూడా చూపించదు.

చిక్కంతా లెక్కలో ఉంది. మన కంటికి కనిపించే అక్షరాలు దానికి పట్టవు. యూనికోడ్ ముక్కలనే లెక్కేస్తుంది. ‘శ్రీ’లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం... మొత్తం 4. ‘ల’ 1. ‘క్ష్మి’లో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... 6. అన్నీ కలిపితే 11. ఆ పదకొండోదే అమ్మ గుడి!

నేనేమో ఇంగ్లిష్ పేర్లు కొట్టి టెస్ట్ చేసి, అంతా ఓకే అనుకున్నా.

లిమిట్ 20 చేసేస్తే పోలా అనిపించింది. అసలు లిమిట్ ఎందుకు పెట్టానో ఆలోచిస్తే తప్పు దొరికింది. హోమ్ స్క్రీన్‌లో పేరుకి చోటు తక్కువ. ఆ ఇబ్బంది చూపించే టెక్స్ట్‌వ్యూది, శిక్ష మాత్రం రాసే బాక్సుకి వేశాను. ఇప్పుడు పేరు పూర్తిగా సేవ్ అవుతుంది. తెర మీద పట్టకపోతే చివర మూడు చుక్కలు వస్తాయి. టెక్స్ట్‌వ్యూలో దానికి ‘ఎలిప్సైజ్’ అనే సెట్టింగ్ ఉంది.

అక్షరాలే లెక్కపెట్టాల్సి వస్తే ‘బ్రేక్ఇటరేటర్’ వాడొచ్చు. అయితే తెలుగు ఒత్తులతో సహా ఒకే అక్షరంగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. అందుకే పాత ఫోన్లు ‘శ్రీ’ని ఇంకా రెండుగానే లెక్కేస్తాయి.

యాప్ చేస్తున్నారా? ఒకసారి మీ అమ్మ పేరు తెలుగులో కొట్టి చూడండి.

కొత్త వెర్షన్ పంపిన సాయంత్రం అమ్మ మెసేజ్: “గుడి వచ్చిందిరా.”