నల్ల ఇసుకలోని నిధి

రావులపాలెము చెంత ప్రవహించు గౌతమి ఇసుకను మనము ఇండ్ల కట్టుబడికే తలంతుము. ఆ గోదావరియే యుగయుగములుగా తూర్పుకనుమల శిలారేణువులను సాగరమున కర్పించుచున్నది. అలలు తేలిక ఇసుకను కడిగివేయగా తీరమున బరువైన నల్లచారలు మిగులును. వానియందు ఇల్మెనైట్, గార్నెట్‌లతో పాటు స్వల్పముగా మోనజైట్ కలదు. సీరియం, లాంథనం, నియోడిమియం మున్నగు విరళ మృత్తికా మూలకములకు అది యొక ఆకరము. విద్యుత్తుతో నడచు వాహనములకు వలయు బలమైన అయస్కాంతములు నియోడిమియముతోనే తయారగుచున్నవి.

భారతదేశపు మోనజైట్ నిల్వలలో ఆంధ్రతీరమునదే పెద్దపాలు. సుమారు 37 లక్షల టన్నులు. అయినను 2024లో లోకమంతట వెలికితీసిన విరళ మృత్తికలు, ఆక్సైడుల లెక్కన, సుమారు 3,90,000 టన్నులు కాగా, అందు చైనా పాలు 2,70,000, అమెరికాది 45,000, మయన్మారుది 31,000, ఆస్ట్రేలియాది 13,000. మనది 2,900 మాత్రమే. నూటికి ఒక పాలైనను కాదు.

నిధి యుండియు ఈ లేమి ఏల? మోనజైట్‌లో థోరియం ఉండుటచే దాని త్రవ్వకము అణుశక్తి నిబంధనలకు లోబడినది. అంతకు మించి, ఈ మూలకములు కవలపిల్లలవలె ఏకస్వభావములు. ఒకదానినుండి వేరొకదానిని విడదీయుటకు ద్రావణులతో మరల మరల శుద్ధి చేయవలెను. కేరళమందలి ఆల్వాయిలో 1952లోనే మనకు కర్మాగారము వెలసినను, తరువాతి దశాబ్దములలో చైనా ఈ విద్యను పట్టుదలతో సాధించి ముందుకేగినది.

ఇసుక ప్రకృతి ప్రసాదము. విడదీయు నేర్పు విద్యవలన లభించునది. మన బడులలో రసాయనశాస్త్ర పాఠమునకు ఈ ఇసుకకంటె దగ్గరి ఉదాహరణ మేది?