ఓక్ పీపాలో కాలము చేయు పని

కెంటకీ రాష్ట్రమున బట్టీనుండి అప్పుడే దిగిన విస్కీ నీటివలె తెల్లగా నుండును. ఉడికిన మొక్కజొన్న వాసనయు, ముక్కును మండించు ఘాటును తప్ప దానిలో వేరేమియు తోచదు. ఆ ద్రవమునే ఓక్ పీపాలో పోసి, బిరడా బిగించి, నాలుగైదేండ్లు కదపక యుంచి తీసినచో అది ముదురు తేనెరంగు కలిగియుండును. వెనిలా, మాడ్చిన చక్కెర, కొబ్బరి, లవంగము మొదలైన వాటి వాసనలు దానిలో గోచరించును. ఈ మధ్యకాలమున దానిలో ఎవరును రంగుగాని సుగంధ ద్రవ్యముగాని కలుపలేదు. కలుపుటకు చట్టము ఒప్పుకొనదు. అట్లయిన ఈ రంగు, ఈ వాసనలు ఎచ్చటనుండి వచ్చినవి? ఈ ప్రశ్నకు సమాధానము కొయ్యలోను, నిప్పులోను, గాలిలోను, ఋతువులలోను వెదకవలసియున్నది.

బోర్బన్ అనగా నేమి?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొక్కజొన్న ప్రధానముగా తయారగు విస్కీకి బోర్బన్ అని పేరు. దానికి వాడు ధాన్యములో కనీసము 51 శాతము మొక్కజొన్న యుండవలెను. తక్కిన భాగము సాధారణముగా రై లేక గోధుమయు, మొలకెత్తించిన బార్లీయు. వీటిని నీటితో ఉడికించి, ఈస్టుతో పులియబెట్టి, బట్టీలో మరిగించి, ఆవిరిని చల్లార్చగా పైన చెప్పిన రంగులేని ద్రవము వచ్చును. పీపాలో పోయునపుడు దానిలో మద్యసారము 62.5 శాతమునకు మించరాదు. పీపా ఓక్ కొయ్యతో చేసిన క్రొత్తది కావలెను. దాని లోపలి తలము కాల్చబడియుండవలెను. 1964లో అమెరికా కాంగ్రెసు బోర్బన్‌ను తమ దేశపు విశిష్టమైన ఉత్పత్తిగా గుర్తించినది. ఒకమారు వాడిన పీపా మరల బోర్బన్‌కు పనికిరాదు. అట్టివి పెక్కులు స్కాట్లండుకు పోయి అచ్చటి విస్కీని నిలువ చేయుటకు ఉపయోగపడుచున్నవి.

ఎనిమిదేండ్ల పరిశోధన

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో నకిలీ విస్కీ విరివిగా అమ్ముడుపోవుచుండెను. శుద్ధ మద్యసారమును నీటితో పలుచన చేసి, మాడ్చిన చక్కెరతో రంగు కల్పించి, పండ్లరసములతో రుచి కూర్చి, ఒక్క దినములో "పాత విస్కీ"ని సిద్ధము చేసెడివారు. దీనిని అరికట్టుటకు 1897లో ఒక చట్టము వచ్చినది. ఒకే బట్టీలో, ఒకే కారున తయారై, ప్రభుత్వ పర్యవేక్షణలోనున్న గిడ్డంగిలో నాలుగేండ్లు నిలువయున్న విస్కీకి ప్రభుత్వపు ముద్ర వేయుటకు ఆ చట్టము అవకాశము కల్పించెను. 1906లో శుద్ధాహార చట్టము వచ్చినది. కాని పీపాలో నిజముగా ఏమి జరుగునో తెలియనిదే అసలును నకిలీనుండి వేరుచేయుట ఎట్లు?

క్రాంప్టన్, టోల్మన్ అను ఇద్దరు రసాయనజ్ఞులు ఈ ప్రశ్నకు ఓర్పుతో సమాధానము వెదకిరి. రై విస్కీ, బోర్బన్ నిండిన 31 పీపాలను ఎన్నుకొని, ఎనిమిదేండ్లపాటు వాటినుండి మచ్చులు తీసి పరీక్షించి, ఫలితములను 1908లో అమెరికన్ రసాయన సంఘపు పత్రికలో ప్రకటించిరి. ఆమ్లములు, ఎస్టరులు, రంగు, కరిగిన ఘనపదార్థములు ఏటేట పెరుగుచుండుట వారు గమనించిరి. ఆమ్లములకును ఎస్టరులకును నడుమ మూడు నాలుగేండ్లలో ఒక సమతాస్థితి ఏర్పడి, అటుపిమ్మట అది నిలిచియుండెను. అమెరికన్ విస్కీకి ప్రత్యేకమైన సువాసన దాదాపు పూర్తిగా కాల్చిన పీపానుండియే వచ్చుచున్నదని వారు తేల్చిరి.

మరియొక ఫలితము చాలమందిని ఆశ్చర్యపరచదగినది. పీపాలోని కాలము ఫ్యూసెల్ నూనెలను, అనగా ఇథైల్ మద్యసారముకంటె బరువైన ఆల్కహాలులను, హరించునని అందరును నమ్మెడివారు. కొలచి చూడగా అవి తగ్గలేదు. ద్రవము చిక్కబడిన కొలది వాటి పాలు కూడ హెచ్చెను. కాలము ఘాటును తీసివేయుటకంటె, దానికి తోడుగా ఇతర ద్రవ్యములను చేర్చుటయే ఎక్కువ.

1909 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ ఈ వివాదముపై తీర్పు చెప్పెను. రంగు కలిపిన శుద్ధ మద్యసారమును విస్కీ అనుటను ఆయన నిషేధింపలేదు గాని, చీటీపై ఆ సంగతి స్పష్టముగా తెలుపవలెనని శాసించెను.

కొయ్య నిర్మాణము

పీపాలకు ముఖ్యముగా వాడునది అమెరికన్ తెల్ల ఓక్. దాని శాస్త్రీయ నామము క్వెర్కస్ ఆల్బా. నీటిని మోయు నాళములు ముదిరిన కొయ్యలో టైలోసులు అను పొరలచే పూడిపోవును. అందువలన ఈ కొయ్యతో చేసిన పీపా కారదు. అయినను గాలి అతి స్వల్పముగా లోనికి చొరబడును. క్రొత్త కుండ నీటిని నిలుపుచునే పైకి చెమర్చునట్లు, ఈ పీపా ద్రవమును నిలుపుచునే ఆవిరిని వెలికి పోనిచ్చును.

ఓక్‌లో సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్, టానిన్లు ముఖ్యమైనవి. సెల్యులోజు చాలవరకు మార్పు చెందక కొయ్యకు బలమిచ్చును. రుచికి కారణము తక్కిన మూడే. కోసిన పలకలను మాసములకొలది ఎండలో, వానలో ఆరుబయట పేర్చియుంచుదురు. అందువలన చేదైన టానిన్లు కొంతవరకు కొట్టుకొనిపోవును.

నిప్పు చేయు మార్పు

పలకలను ఇనుప పట్టీలతో బిగించిన పిదప పీపా లోపల మంట పెట్టుదురు. కాల్పునకు అంతస్తులు గలవు; మూడవ అంతస్తుకు సుమారు 35 సెకండ్లు, నాలుగవదానికి సుమారు 55 సెకండ్లు పట్టును. లోపలి తలము బొగ్గగును. దాని వెనుక ఎఱ్ఱగా వేగిన పొర ఏర్పడును. ఈ రెంటికిని వేర్వేరు పనులు గలవు. నీటిని వడకట్టుటలో బొగ్గు మలినములను పట్టునట్లే, ఇచ్చట బొగ్గుపొర గంధకము గల దుర్వాసన పదార్థములను పట్టును. దాని వెనుకనున్న పొరయే రుచుల గిడ్డంగి.

వేడికి హెమిసెల్యులోజు చక్కెరలుగా విడిపోయి, అవి మాడి రంగును, మాడ్చిన చక్కెర వాసనను ఇచ్చును. లిగ్నిన్ విచ్ఛిన్నమై వెనిలిన్‌ను ఇచ్చును. వెనిలా కాయలకు సువాసననిచ్చునదియు ఈ వెనిలినే. లవంగపు నూనెలో ముఖ్యమైన యూజెనాల్ కూడ ఓక్‌లో కొలదిగా నున్నది. కొబ్బరిని జ్ఞప్తికి తెచ్చు వాసన ఓక్‌లోని లాక్టోనులది. కావున బోర్బన్‌లో లవంగమును తలపించు వాసన కేవలము భ్రమ కాదు. రెంటిలోను ఒకే అణువు గలదు.

ఋతువులు, గాలి

కెంటకీలో వేసవి తీవ్రముగా నుండును. శీతకాలమున ఉష్ణోగ్రత సున్నకు దిగువకు కూడ పోవును. వేడికి ద్రవము వ్యాకోచించి కొయ్య లోతులకు చొచ్చును. చలికి సంకోచించి, కరిగిన ద్రవ్యములతో వెనుకకు వచ్చును. కొయ్యగుండ చేరిన ఆమ్లజని మద్యసారమును కొలదికొలదిగా ఎసిటాల్డిహైడుగను, పిమ్మట ఎసిటిక్ ఆమ్లముగను మార్చును. ఈ ఆమ్లము మద్యసారముతో కూడి ఇథైల్ ఎసిటేటు అను ఎస్టరునిచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థి పరీక్షనాళికలో గంధకికామ్లము చేర్చి, వేడిచేసి, కొన్ని నిమిషములలో చేయగల చర్యనే పీపా కొన్ని ఏండ్లలో చేయును.

ఈ లోపల కొంత ద్రవము ఆవిరియై పోవును. దానికి "దేవదూతల వాటా" అని ముద్దుపేరు. కెంటకీలో అది సంవత్సరమునకు సుమారు 4 శాతమందురు. ఆ లెక్కను 200 లీటర్ల పీపాలో ఎనిమిదేండ్లకు సుమారు 144 లీటర్లే మిగులును. గిడ్డంగి పై అంతస్తులలో గాలి వేడిగా, పొడిగా నుండును. అచ్చట నీరు త్వరగా పోవుటచే మద్యసారపు శాతము హెచ్చును. క్రింది అంతస్తులలో గాలి తేమగా నుండుటచే నీరు వెలికి పోవుటకు ఆటంకము కలుగును. గాలిలో మద్యసారము లేదు గనుక అది మాత్రము పోవుచునే యుండును. అప్పుడు శాతము తగ్గును. ఒకే దినమున నింపిన రెండు పీపాలు వేర్వేరు రుచులు పొందుటకు ఇది యొక కారణము.

తొందరపెట్టవచ్చునా?

చిన్న పీపాలు వాడినచో పని త్వరగా జరుగునని కొందరు తలచిరి. పీపా కొలతలన్నియు సగమైనచో దాని తలము నాలుగవ వంతును, ఘనపరిమాణము ఎనిమిదవ వంతును అగును. అనగా ఒక్కొక్క లీటరునకు తగులు కొయ్య రెట్టింపగును. రంగు, టానిన్లు నిజముగానే త్వరగా దిగును. కాని ఆమ్లజని చర్యలు ఆ వేగమును అందుకొనలేవు. అట్టి విస్కీ చూచుటకు పాతదిగను, రుచికి పచ్చిగను ఉండును. కొయ్యనుండి ద్రవ్యములు దిగుట ఒక పని. దిగినవి పరస్పరము కలసి మారుట మరియొక పని. మొదటిదానిని త్వరపెట్టినంతగా రెండవదానిని త్వరపెట్టుట సాధ్యము కాదు.

ముగింపు దశలో రెండవ కొయ్యను వాడు పద్ధతి వేరు. పక్వమైన బోర్బన్‌ను పోర్టు ద్రాక్షసారా నిండియుండిన పీపాలోనికి మార్చి కొన్ని మాసములుంచినచో, ఆ కొయ్యలో ఇంకియున్న ద్రాక్షసారా దీనిలో కలియును. ఈ సంగతి చీటీపై తెలుపవలెను. మేకర్స్ మార్క్ సంస్థ 2010లో వెలువరించిన ఒక రకమునకు, వేపిన ఫ్రెంచి ఓక్ పలకలను పదింటిని పీపాలో అమర్చి కొన్ని వారములుంచిరి. ఇవి తాలింపువంటివి, కూర ఉడికియుండుట ముందుగా అవసరము.

192 పీపాలు

ఇన్ని కారణములలో దేని పాలు ఎంత? ఇది తెలిసికొనుటకు కెంటకీలోని బఫెలో ట్రేస్ సంస్థ 1999లో ఒక ప్రయోగమునకు పూనుకొన్నది. 96 ఓక్ చెట్లను ఎన్నుకొని, ఒక్కొక్క చెట్టు పైభాగముతో ఒకటి, క్రిందిభాగముతో ఒకటి చొప్పున 192 పీపాలు చేయించిరి. మాను భాగములు రెండు, ధాన్యపు పాళ్లు రెండు, పలకలు ఆరబెట్టిన కాలములు రెండు (6, 12 మాసములు), కాల్పులు రెండు, మద్యసారపు శాతములు రెండు (52.5, 62.5), గిడ్డంగులు రెండు, కొయ్య పోగు దట్టములు మూడు. రెండును ఆరుమారులు హెచ్చించి, దానిని మూటితో హెచ్చించినచో 192 వచ్చును. ఒక్కొక్క పీపా ఒక్కొక్క విధము.

2011నుండి 2015వరకు జనులు వీటిని రుచిచూచి మార్కులు వేయగా 80వ పీపాకు ప్రథమ స్థానము దక్కెను. కాని విద్యార్థులు గ్రహింపవలసినది ఆ విజేతను కాదు. ఒక పీపా గెలుచుట యాదృచ్ఛికము కావచ్చును. తక్కువ కాల్పు గల 96 పీపాలను ఎక్కువ కాల్పు గల 96 పీపాలతో పోల్చినప్పుడు మాత్రము, తక్కిన కారణములు రెండు వైపులను సమముగా నుండుటచే, ఆ తేడా కాల్పుదని నమ్మకముతో చెప్పవచ్చును. ప్రయోగపు బలము దాని అమరికలో నున్నది.

ఎన్ని ఏండ్లు పీపాలో నున్నను మద్యసారము మద్యసారమే. కాలము రుచిని మార్చునుగాని, శరీరమునకు అది చేయు హానిని పోగొట్టదు. విజ్ఞానమునకు ఇచ్చట దొరకునది వేరు. మాడ్చిన చక్కెరతో ఒక్క దినములో తెచ్చిన రంగుకును, ఎనిమిదేండ్లలో కొయ్య ఇచ్చిన రంగుకును కంటికి తేడా తెలియకపోవచ్చును. ఆమ్లములను, ఎస్టరులను, కరిగిన ఘనపదార్థములను కొలచి, వాటి పరస్పర నిష్పత్తిని చూచినవానికి మాత్రము ఆ తేడా దాగదు.