తిరుగాడే వైర్‌లెస్ సెట్లకు నెంబర్ల పంపకం



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకు పడినప్పుడు సెల్‌ఫోన్లు చాలావరకు మూగపోయినవి. అటువంటి వేళ టవరు అక్కర లేకుండానే, ఒక చేతిసెట్టు కబురును పక్క సెట్టు అందుకొని ఆ పక్కదానికి అందించే ఏర్పాటు ఒకటి ఉన్నది. సెట్లు మనుషుల వెంట తిరుగుతూనే ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. ప్రతి సెట్టుకూ ఇంటికి డోరు నెంబరు వలె ఒక నెంబరు కావాలి. రెండిండ్లకు ఒకే నెంబరుంటే ఉత్తరం ఎవరికి చేరుతుంది? "పడవ పంపండి" అనే కబురూ అంతే గదా!

మరి నెంబరు ఇచ్చేదెవరు? ఇక్కడ పెద్దదిక్కు లేదు. ఎవరికి తోచినది వారు పెట్టుకుందామంటే, 65,024 నెంబర్లలో సుమారు 300 సెట్లు గుడ్డిగా ఏరుకున్నా, ఏ రెంటికో ఒకటే పడే అవకాశం సగానికి సగం. అందుచేత "ఈ నెంబరు ఎవరిదైనానా?" అని ముందుగా అందరినీ కేకవేసి అడగవలె. సెట్లు పెరిగినకొద్దీ ఈ కేకలకే బ్యాటరీ హరించుకుపోతుంది.

ఇక తేనెపట్టును చూడండి. ఈగలు ఎక్కువైనప్పుడు పాతరాణి పెద్ద గుంపును వెంటబెట్టుకొని వేరుపోతుంది. మిగిలినవి కొత్తరాణి కింద ఉంటాయి. 2002లో మన్సూర్ మొహ్సిన్, రవి ప్రకాశ్ అనే పరిశోధకులు చెప్పిన పద్ధతికి ఈ పోలిక బాగా అతుకుతుంది. మొదటి సెట్టు వద్ద 256 నెంబర్లున్నవనుకోండి. రెండవది రాగానే సగం, అంటే 128 ఇస్తుంది. మూడవది ఎవరి వద్ద చేరితే వారు తమ వాటాలో సగం, 64 ఇస్తారు. అన్నదమ్ముల పంపకమే! ఊరందరినీ అడిగే పనిలేదు. వెళ్లేవారు మాత్రం తమ వాటా అప్పగించి పోవలె.

చెప్పకుండా ఆగిపోతే? ఇక్కడ చీమే గురువు. చీమలబారు నడిచినంతకాలమే బాటలో వాసన నిలుస్తుంది. నడక ఆగితే ఆరిపోతుంది. ఈ కిటుకును ఇటలీలో మార్కో డోరిగో 1992లో లెక్కల పద్ధతిగా మలచారు. తరువాత వైర్‌లెస్ కబుర్లకు దారులు వెదకడానికీ దీన్ని వాడారు. నెంబర్లకూ అదే నీతి. అప్పుడప్పుడు "ఉన్నాను" అని పలకని సెట్టు వాటా, గడువు తీరాక ఉమ్మడిలో కలిసిపోవలె.

అయితే గడువు మరీ తక్కువైతే, కొండచాటున ఉన్న సెట్టు నెంబరు ఇంకొకరి పాలవుతుంది. వేర్వేరుగా మొదలైన రెండు గుంపులు కలిసినా ఒకే నెంబర్లు ఎదురుపడవచ్చు. అప్పుడు ఒకవైపువారు మార్చుకోక తప్పదు.

కనుక ఇటువంటి సెట్లు మీ ఊరికి వస్తే, తెచ్చినవారిని మూడు సంగతులు అడగండి: నెంబరు ఎట్లా ఇస్తారు? ఆగిపోయిన సెట్టు నెంబరు ఏమవుతుంది? రెండు గుంపులు కలిస్తే ఏం చేస్తారు? సరైన జవాబు వచ్చాకనే వాటిని నమ్ముకోండి.