వాసన పోతే వెలుగు తెస్తుందా?
శ్రీరాంపూర్ భూగర్భ బొగ్గు గనుల్లో ముక్కు కూడా పనిముట్టే. బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంటే పెట్రోలును తలపించే వాసన వస్తుంది. కొవిడ్ తర్వాత వాసన తిరిగిరాని కార్మికుడికి ఆ హెచ్చరిక అందదు; కూర రుచీ సగం పోతుంది. అలాంటివారికి ముక్కులోకి ఎర్రకాంతి ప్రసరింపజేసే చికిత్స ఆశ చూపుతోంది. కానీ చాలామందికి వాసన దానంతటదే తిరిగొస్తుంది కనుక, ఉత్తుత్తి కాంతి పెట్టినవారితో పోల్చకుండా ఆ ఫలితాన్ని వెలుగు ఖాతాలో వేయలేం. ఇప్పటిదాకా జరిగినవి చిన్న అధ్యయనాలే.

హాని లేదుగా, ప్రయత్నిస్తే ఏం అంటారా? జేబుకు హానే. 2009లో జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం పరీక్షించిన వాసన సాధనకు ఆధారం ఎక్కువ: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు శ్రద్ధగా పీల్చడం. లవంగం పోపుల పెట్టెలోనే ఉంటుంది. ముందు ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఈలోగా వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించుకోండి.